రిజిస్టరులో లేని పిల్ల

లమ్మడా,
జూన్ 3

శ్రీమతి వెంకాయమ్మ గారికి,

తెలుగు విద్యా సహాయ సంఘం కార్యదర్శి ఆంజనేయప్రసాద్ నమస్కరించి రాయునది. ఫోనులో అన్న మాట సంఘం రికార్డుకు ఎక్కదు కనుక ఉత్తరమే రాస్తున్నాను.

తల్లి లేని మీ అక్క కూతురు పద్మినికి నర్సింగ్ సహాయకురాలి చదువు కోసం మన సంఘం ఫీజు మీ చేతికే ఇస్తూ వస్తోంది. నిన్న పని మీద ఆ శిక్షణ బడి వైపు వెళ్ళి నోటీసు బోర్డు చూశాను. ముప్పై ఒక్క పేర్లున్నాయి. పద్మిని లేదు. ఆఫీసులో అడిగితే, "అలాంటి పేరు మా రిజిస్టరులో లేదు" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

మన మూడో నిబంధన మీకు తెలుసు. సహాయం పొందే పిల్ల తెలుగు పేరుతోనే బడిలో నమోదై ఉండాలి. ఈ బర్మా ఊళ్ళో మన ఉనికి అని మిగిలింది ఆ పేరొక్కటే.

దీంతో ఒక ఫారం జతచేశాను. "ఆరోగ్య విద్యలో విద్యార్థి విజయాన్ని ప్రభావితం చేసే అంశాలు" అని మా కమిటీ నివేదిక వేస్తోంది. నింపి పంపండి. జవాబు తృప్తిగా లేకపోతే ఆఖరి టెర్ము ఫీజు రద్దు. అది కట్టకపోతే ఆసుపత్రి వార్డులో శిక్షణ లేదు, ఆ శిక్షణ లేకపోతే సర్టిఫికెట్ లేదు.

సంఘ శ్రేయస్సు కోరే,
ఆంజనేయప్రసాద్

తా.క.: బోర్డు మీద మొదటి ర్యాంకు మ థీరి అనే బర్మా అమ్మాయిది. మన పిల్లలకేం రోగమో!


అహ్లోన్,
జూన్ 5

కార్యదర్శి గారికి ఆరో అంతస్తు నుంచి వెంకాయమ్మ నమస్కారం. కిందికి దిగి పెట్టలేను, మోకాళ్ళు. ఇక్కడ క్షేమం అని రాయడం ఆనవాయితీ. క్షేమం కాదు కనుక రాయడం లేదు.

మీ ఫారం చూశాను. ప్రేరణకు గడి ఉంది. క్రమశిక్షణకు గడి ఉంది. కుటుంబ విలువలకు గడి ఉంది, అందులో పదికి మార్కులు నేనే వేసుకోవాలట. కరెంటుకు మాత్రం గడి లేదు. మాకది రోజుకు నాలుగు గంటలు వస్తుంది, అదైనా దానికి బుద్ధి పుట్టినప్పుడు. వచ్చినప్పుడే కింద మోటారు తిరగాలి, నీళ్ళు మూడో అంతస్తు దాకా ఎక్కాలి, అక్కణ్ణుంచి పైకి పద్మిని మొయ్యాలి. బస్సుకూ గడి లేదు. ఒంట్లో ఉన్న ఎముకల పేర్లన్నీ ఆ పిల్ల బస్సులో వేలాడుతూనే బట్టీ పట్టింది. నమూనాలకు లోటేముంది, పక్కవాళ్ళ మోచేతులు పక్కటెముకల్లోనే ఉంటాయి.

మా తాతలు ఈ రేవులో బియ్యం బస్తాలు మోశారు. ఎవడి వీపు మీద ఎంత పెడితే కూలబడతాడో మేస్త్రీకి తెలుసు. కూలబడిన వాణ్ణి బూతులు తిట్టేవాడే గాని "నీలో ప్రేరణ లోపించింది" అని మేస్త్రీ కూడా అనలేదండీ. ఆ మాట చదువుకున్నవాళ్ళు కనిపెట్టారు.

పద్మిని రోజూ బడికి వెళ్తోంది. మీకు కావలసింది పిల్ల చదువా, రిజిస్టరులో పేరా?

ఇట్లు, మోకాళ్ళు పోయినా నోరు పోని
వెంకాయమ్మ

తా.క.: మా వీధిలో ప్రతి అంతస్తు నుంచీ ఒక తాడు కిందికి వేలాడుతుంది, దాని చివర క్లిప్పు. ఉత్తరమైనా కూరగాయలైనా దానికి తగిలిస్తే పైవాళ్ళు లాక్కుంటారు. మీ గుమస్తా సూరి మీ ఉత్తరాన్ని నాలుగో అంతస్తు పోలయ్య తాడుకు తగిలించాడు. పోలయ్య చదివి, మెట్లన్నిటికీ వినిపించి, ఫారం కూడా తనే నింపేశాడు. కుటుంబ విలువల్లో మాకు పదికి రెండు వేశాడు.


లమ్మడా,
జూన్ 10

వెంకాయమ్మ గారికి, మనస్తాపంతో.

మీ ఉత్తరంలో కోపం నిండుగా ఉంది, జవాబు లేదు. రిజిస్టరులో లేని పిల్ల రోజూ ఆ బడి పిల్లల్లా తెల్ల జాకెట్టు తొడుక్కుని, ఎర్ర లుంగీ కట్టుకుని ఎక్కడికి వెళ్తున్నట్టు? సూరి బస్సు స్టాపులో కళ్ళారా చూశాడు. బుగ్గల నిండా తనకా గంధం పూసుకుని, బర్మా పిల్లలతో బర్మా మాటల్లో పకపకలాడుతోందట. "పద్మినీ" అని పిలిస్తే రెండోసారికి గాని తిరగలేదట. పెద్దవాణ్ణి, ఇంతకంటే రాయలేను. చెడు సావాసం అనే గడి నేనే నింపుకున్నాను.

ఇటు మ థీరిని చూడండి. ఆ బడి టీచరమ్మను అడిగి వివరాలు రాసుకున్నాను. ఆ పిల్లకూ తల్లి లేదు, పిన్ని పెంచింది. మీ అహ్లోన్ వైపే ఉంటారట. తెల్లారకముందే లేచి నీళ్ళు మోస్తుందట, ఎంత క్రమశిక్షణ! కొవ్వొత్తి దగ్గర చదువుతుందట, ఎంత పట్టుదల! బస్సులో కూడా ఎముకల పేర్లు వల్లిస్తుందట! ఆ పిన్ని ఎవరో గాని, ఆవిడ కాళ్ళు కడిగి ఆ నీళ్ళు మీరు నెత్తిన చల్లుకోవాలి. వీలు చూసుకుని ఒకసారి వెళ్ళి, పిల్లను పెంచడం ఎలాగో నేర్చుకురండి.

మీ మేలు కోరే,
ఆంజనేయప్రసాద్

తా.క.: పోలయ్య గారు నింపిన ఫారం చేరింది. చేతిరాత చక్కగా ఉంది. కమిటీ దాన్నే ఆమోదించింది.


అహ్లోన్,
జూన్ 12

కార్యదర్శి గారికి, నమస్కారం ఈసారి సగమే.

నా పిల్ల ఎక్కడికి వెళ్తోందో అనుమానించారు. మీ కొట్టు నుంచి రోజుకు వంద తాన్ల బట్ట పోతుంది, ఒక్క తాను ఎక్కడికి వెళ్తోందని ఎప్పుడైనా అనుమానించారా? ఆడపిల్ల మీదైతే అది తేలిక.

మీ నివేదికకు ఒక సంగతి చెప్తాను, రాసుకోండి. ఆ బడిలో మొదటిరోజు అరవై మంది చేరారు. బోర్డు మీద మిగిలింది ముప్పై ఒక్కరు. మీరు వెళ్ళి మొదటి ర్యాంకు పిల్ల ఎన్నింటికి లేస్తుందని అడిగారు. పోయిన ఇరవై తొమ్మిది మందీ ఎందుకు పోయారని అడిగారా? ఒకమ్మాయి తమ్ముడి కోసం కుట్టు పనికి పోయింది. ఒకమ్మాయి ఇల్లు ఖాళీ చేసి ఎటు పోయిందో ఎవరికీ తెలీదు. వాళ్ళూ తెల్లారకముందే లేచేవారండీ. అందరం లేస్తాం. ఈ ఊళ్ళో పొద్దెక్కేదాకా పడుకునే భాగ్యం ఎవరికుంది, మీ కమిటీకి తప్ప? గెలిచిన ఒకత్తెను చూపించి, ఓడిన ఇరవై తొమ్మిది మందిదే తప్పని చెప్పడం మీ అంశాల పట్టిక చేసే పని. ఆ పని ఎవరికి లాభమో మీకు తెలుసు.

పిల్ల వెళ్ళే చోటు నాకు తెలుసు. రాయాలని చెయ్యి దురద పెడుతోంది. మీ మూడో నిబంధన రాయనివ్వదు.

ఇట్లు,
వెంకాయమ్మ

తా.క.: మీరు చెప్పారు కదా అని ఆ మ థీరి పిన్నిని చూద్దామని ప్రయత్నించాను. మా ఇంట్లో అద్దం పగిలి ఉంది, సరిగ్గా కనపడలేదు.

మరో తా.క.: మీ కొట్టు బోర్డు మీద "ఊ ఔంగ్‌ఖిన్" అని పెద్ద బర్మా అక్షరాలున్నాయి. ఆయన ఎవరండీ? మీ పక్క కుర్చీలో కూర్చుంటాడా?


లమ్మడా,
జూన్ 20

వెంకాయమ్మ గారికి,

నివేదిక అచ్చయింది. ఒక ప్రతి పంపుతున్నాను. ఎడమ వరుస పద్మిని, కుడి వరుస మ థీరి. ఇద్దరికీ తల్లి లేదు, ఇద్దరివీ మెట్ల ఇళ్ళు, ఇద్దరికీ కరెంటు లేదు. అయినా ఒకరు మొదటి ర్యాంకు, ఒకరు అసలు బోర్డు మీదే లేరు. కనుక పరిస్థితులకూ విజయానికీ సంబంధం లేదని కమిటీ ఏకగ్రీవంగా తేల్చింది. మిగిలిందల్లా మనిషి తత్వం, పెంపకం. నీళ్ళు మోయడాన్ని కుడి వరుసలో క్రమశిక్షణగానూ, ఎడమ వరుసలో సాకుగానూ చూపించాం.

పద్మిని పేరు కొట్టేశాం. ఆ ఆఖరి టెర్ము ఫీజును సుహృద్భావ సూచకంగా మ థీరి పేరున నేరుగా బడికే కట్టేశాం. బర్మా పిల్లకు కనుక మూడో నిబంధన వర్తించదు. మీరు నొచ్చుకుంటారని తెలుసు.

భవదీయుడు,
ఆంజనేయప్రసాద్

తా.క.: బోర్డు మీది పేరు వ్యాపార నిమిత్తం. దానికీ దీనికీ సంబంధం లేదు.

మరో తా.క.: మా అమ్మ నరసమ్మ గారిని ఆసుపత్రిలో చేర్చాం. పక్షవాతం. బర్మా భాష పూర్తిగా మరిచిపోయింది, తెలుగొక్కటే మిగిలింది. నా పిల్లలకు ఆ ఒక్కటే రాదు. నేను కొట్టు వదిలి రోజంతా ఉండలేను. నాలుగు రోజులుగా ముద్ద ముట్టడం లేదు. మీరు పెద్దావిడ కనుక చెప్పుకున్నాను.


అహ్లోన్,
జూన్ 22

కార్యదర్శి గారికి పూర్తి నమస్కారం.

నేను నొచ్చుకోలేదు. పద్మిని పేరు కొట్టేయండి, సిరా చాలకపోతే నేను పంపిస్తాను. మ థీరికి కట్టినందుకు మీ కమిటీ చల్లగా ఉండాలి. ఇంత మంచిపని మీరు తెలియకుండా తప్ప చేయలేరు.

నివేదిక చదివాను. చదివి నవ్వాను, తరవాత నవ్వు రాలేదు. ఒక గదిలో ఒకే కొవ్వొత్తి, దాని ముందు ఒకే పిల్ల. ఎడమవైపు నుంచి చూసి పనికిరానిదన్నారు, కుడివైపు నుంచి చూసి మాణిక్యమన్నారు. ఇంతకంటే రాయను. ఫీజు రసీదు రానివ్వండి.

ఇట్లు,
వెంకాయమ్మ

తా.క.: మీ అమ్మగారిది ఏ వార్డు, ఏ మంచం? ఎందుకని అడక్కండి.


లమ్మడా,
జూలై 16

వెంకాయమ్మ గారికి,

అమ్మ పోయింది. పెద్దకర్మ నిన్నటితో ముగిసింది. ఈ ఉత్తరం సంఘం కాగితం మీద రాయడం లేదు.

మీకు మంచం నంబరు కబురు చేసిన రెండోరోజు నుంచి అమ్మ తినసాగింది. మందు పనిచేస్తోందనుకున్నాను. ఒక మధ్యాహ్నం వెళ్ళేసరికి తెర అవతల మాటలు వినపడ్డాయి.

"ఏటే, ఈ గెంజి నాకొద్దు."

"ఒక్క ముద్ద తినీ మామ్మా. నువ్వు తింటే నాను పోతాను, నా కాళ్ళు పీకుతన్నాయి."

తెర తొలగించి చూస్తే ఎర్ర లుంగీ పిల్ల, జాకెట్టు మీద "మ థీరి" అని పేరు బిళ్ళ. ఏం చెప్పమంటారు, నాకు తట్టిందేమిటో తెలుసా? ఆహా, మన భాష కూడా నేర్చుకుంది, కుడి వరుసలో ఇంకో అంశం చేర్చాలి అని! ఇంతలో అమ్మే అడిగింది.

"ఎవురి పిల్లవే నువ్వు?"

"అహ్లోన్ యెంకాయమ్మ పెంచిన పిల్లని. పద్మినిని."

"కూలోళ్ళ పిల్లవా?"

"అవును మామ్మా."

"అన్నం బాగానే పెడతన్నావు, మరి."

నేను తెర వేసేసి మెట్లు దిగి వచ్చేశాను. ఆ పిల్లకు ముఖం చూపించలేదు. అమ్మ ఇంకో ఆరు రోజులు తిన్నది.

ఏడోరోజు పొద్దున ఫోను వచ్చింది. వెళ్ళి, నరసమ్మ గారి శవం ఇప్పించండి అన్నాను. ఆసుపత్రి గుమస్తా పేజీలు తిప్పి, "అలాంటి పేరు మా రిజిస్టరులో లేదు" అన్నాడు.

మళ్ళీ చూడమన్నాను. లేదన్నాడు. అరిచాను. కన్నకొడుకును నేను చెప్తున్నాను, నరసమ్మ అన్నాను. చేర్చింది మా అబ్బాయి, అమ్మ గుర్తింపు కార్డు చూపించి. ఆ కార్డులో ఏ బర్మా పేరుందో ముప్పై ఏళ్ళుగా నేను చూడలేదు. అప్పుడు పద్మిని వచ్చింది. "డా ఖిన్‌మే, పదకొండో మంచం. ఈయన ఆవిడ కొడుకే" అని సంతకం పెట్టించి ఇప్పించింది. వెంటనే వార్డుకు వెళ్ళిపోయింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

కమిటీలో అంతా చెప్పాను. వాళ్ళు సావధానంగా విన్నారు. నివేదిక అందరికీ వెళ్ళిపోయింది కనుక వెనక్కి తీసుకోలేమన్నారు. మూడో నిబంధన అలాగే ఉంటుందన్నారు. మీ పద్మిని సంఘం లెక్కలో ఎప్పటికీ చదువు మానేసిన పిల్లే. రాజీనామా రాశాను. కింద ఏ పేరు పెట్టాలో తోచక రెండూ పెట్టాను. రెండు సంతకాలున్నాయని తిప్పి పంపారు.

పిల్ల సర్టిఫికెట్ థీరి పేరు మీదే వస్తుంది. దాన్ని తెలుగులోకి మార్చే శక్తి నాకు లేదు.

ఇట్లు,
ఆంజనేయప్రసాద్
(ఊ ఔంగ్‌ఖిన్)

తా.క.: మీకు కొత్త అద్దం కొన్నాను. సూరికిస్తే పోలయ్య తాడుకు కడతాడు. అందుకని ఆదివారం నేనే మెట్లెక్కి తెస్తాను. మీరు కిందికి దిగకండి. మీ కాళ్ళు కడగడానికి నీళ్ళు కూడా మూడో అంతస్తు నుంచి నేనే మోసుకొస్తాను.