వైవాలో నీ గురించి అడిగారు

అన్నా,

నా స్పానిష్ బీఏ పూర్తయింది. నిన్న పట్టా చేతికిచ్చారు. అమ్మ దాన్ని నీ ఫోటో ముందు పెట్టబోయి, ఎందుకో ఆగి, బీరువాలో పెట్టేసింది.

"గీ స్పానిష్‌తోని నౌకరీ ఒస్తదా?" అని నాయిన గొడవ పడ్డప్పుడు, "జర సదువుకోనీ నాయినా, నేను ఆటో నడుపుతున్న కదా" అన్నావు. కిందటి వానాకాలం సాగర్ రోడ్డు మీద లారీ గుద్ది నువ్వు పోయాక, నాయిన మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

చివరి వైవాకి బయటి నుంచి ఒక మేడమ్ వచ్చారు. ఇంట్లో ఎవరెవరున్నారని స్పానిష్‌లో అడిగారు. మొదటి ఏడాది బట్టీపట్టిన జవాబే నోటికొచ్చింది. అమ్మ, నాయిన, ఒక అన్న ఉన్నారన్నాను.

"మీ అన్న ఏం చేస్తాడు?"

ఎల్బీనగర్‌లో ఆటో నడుపుతాడు, సాయంత్రం మెట్రో దగ్గర నాకోసం ఆగుతాడు అన్నాను. క్రియలన్నీ సరిగ్గా వాడానని ఆవిడ మెచ్చుకున్నారు. నేను దిద్దలేదు.

ఇవాళ దిల్‌సుఖ్‌నగర్‌లో భాషలు నేర్పే కోచింగ్ సెంటర్‌కి వెళ్లాను. అక్కడి సారు పట్టా చూసి, "స్పానిష్‌కి ఎవరూ రావట్లేదమ్మా, అందరూ జర్మనే అడుగుతున్నారు. ఫోన్లు ఎత్తే పనైతే ఉంది, చేస్తారా?" అన్నారు. చేస్తానన్నాను.

నువ్వేం చేస్తావని స్పానిష్‌లో అడగడానికి ఇక ఎవరూ లేరన్నా. తెలుగులో ఎలాగూ ఎవరూ అడగరు.

నీ చెల్లె