పాత పవర్ సప్లైనే తగిలించు

అమ్మా, నేను కులాసాగానే ఉన్నాను, నా గురించి దిగులు పెట్టుకోకు.

పక్షవాతంతో మాట పడిపోయిన నాన్నకి ఇప్పుడు బుద్ధి కూడా మందగించిందని, రేడియో సెట్టు ముందు కూర్చుని టిక్కుటిక్కుమని మోర్సు మీట కొట్టి కొట్టి కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నారని, ఇక దాన్ని అటకెక్కిస్తానని రాశావు. ఆ పని మాత్రం చెయ్యకు. తప్పు నాన్నది కాదు, సెట్టుకి కరెంటివ్వడానికి బావ తెచ్చిన కొత్త పవర్ సప్లై పెట్టెది. తేలిగ్గా, ముచ్చటగా ఉందన్నావే, అలాంటిదే ఒకటి అడిగి తెచ్చి నిన్న ఇక్కడ నా రేడియో సెట్టుకి తగిలించి చూశాను. తేనెతుట్టె కదిపినట్టు ఒకటే రొద. అంతవరకూ బ్యాటరీ మీద శుభ్రంగా వినిపిస్తున్న నాన్న టిక్కుటిక్కులు అందులో మునిగిపోయాయి. అక్కడ ఆయనకీ ఆ రొద తప్ప ఇంకేమీ వినపడి ఉండదు. "చిన్న సెట్టు గట్టిగా అరవలేదు తల్లీ, చెవులు రిక్కించి వినడమే దాని బలం" అని నాకు నేర్పింది ఆయనే.

మంచం కింద పాత ఇనప సప్లై ఉంది కదా, కాలికి తగిలినప్పుడల్లా నువ్వు తిట్టేది, దాన్నే మళ్ళీ పెట్టించు. బరువే గాని నోరు లేనిది. బావ నొచ్చుకోకుండా నువ్వే చెప్పు. పెరటి తలుపు గడియ బాగుచేయించావా? మోకాలికి కాపడం మానకు. అక్కని అడిగానని చెప్పు.

నాన్న రోజూ నా పేరే కొడుతున్నారు. ఆయన పిలిచిన ప్రతిసారీ నేను పలికాను. సెట్టు బాగయ్యేదాకా ఆగకు, ఈ కార్డు అందగానే ఆ మాట ఆయన చెవిలో వెయ్యి.

నీ చిన్నది