తుడిచేసిన ఎర్రబొట్టు

ఫిబ్రవరి 3

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ, ఆళ్లగడ్డ నుంచి అడవి అంచు. బండి వెనక ఐస్ డబ్బాలో టీకాలు. నడుం పోయింది. సూదులు ఊరికుక్కలకి, బతకాల్సింది అడవిలోని రేసుకుక్కలు. ఊరికుక్క జబ్బు అంటుకుందంటే ఆ గుంపు తుడిచిపెట్టుకుపోతుంది. ఉన్నదే ఒక్క గుంపు. ఇప్పుడు పిల్లలు కూడా.

ఈ సంగతి మేకల ఓబులేసుకి చెప్పడం నా బుద్ధితక్కువ. నా మేకల్ని తినేవాటికోసం నా కుక్కలకి సూదా, అన్నాడు. న్యాయమే మరి. బతిమాలితే ఒప్పుకున్నాడు. మూడూ నల్లకుక్కలే. రెండింటికి వేసి, గుర్తుకి నుదుట ఎర్రరంగు పూశాను. మూడోది దొరకలేదు — పరుగు.

ఫిబ్రవరి 4

సెలవు అడిగాను. ఇవ్వలేదు.

ఫిబ్రవరి 9

ఆ మూడోదాని కోసం మళ్ళీ. ఓబులేసు సంతకి పోయాడు, ఫోన్ ఎత్తడు. భార్య సుబ్బమ్మ ఉంది. కుక్కలు మూడూ ఉన్నాయి... ఒక్కదాని నుదుటా రంగు లేదు.

"బలిచ్చే పొట్టేలికి పెడ్తారు సారూ, ఎర్రబొట్టు. మా కుక్కలకేం కర్మ? చమురు పెట్టి నేనే తుడిస్తి."

ఆ రోజు పారిపోయింది ఏదో ఆమెకి తెలీదు. మూడింటికీ మళ్ళీ వేస్తే పోయేది, నష్టమేమీ లేదు. కానీ ఎండ... కరిచే కుక్కలు... నేనొక్కణ్ణి. చేతికందినదానికి వేసి, అదే మూడోది అనుకున్నాను. పుస్తకంలో మూడు అని రాశాను.

ఫిబ్రవరి 24

ఓబులేసు ఫోన్. మూడు కుక్కల్లో ఒకడు, కర్రోడు — వాడికి కళ్ళనిండా పుసి, ముక్కు కారడం, దవడలు టకటకా కొట్టుకోవడం. ఆ రోజు పారిపోయింది వాడేనట. అంటే తొమ్మిదిన సూది పడింది వాడికి కాదు. కట్టెయ్, అడవిలోకి పోనీయొద్దు అన్నాను.

"యాడ కట్టేసేది? నిన్ననే పాయ. రాలే."

ఫిబ్రవరి 26

రెండు రోజులుగా వెతుకులాట. కాళ్ళు పుళ్ళు. ఏమీ లేదు.

మార్చి 1

అడవిలో చెట్టుకి కట్టిన కెమెరాలో ఫోటో. కుంట గట్టున రేసుకుక్క పిల్లలు, ఐదు. దేన్నో వాసన చూస్తున్నాయి. నల్లగా ఉంది. కాలిన మొద్దు కావచ్చు. మొద్దే అయ్యుండాలి.

మార్చి 3

కుంటకి పోతూ ఓబులేసు దొడ్డి దగ్గర ఆగాను. సుబ్బమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది. మొగుడు అటు తిరిగాక మెల్లగా అడిగింది.

"బొట్టు నేను తుడిసినందుకేనా సారూ, కర్రోడికి ఇట్లయింది?"

కాదని చెప్పాలి. మూడింటికీ వేయకుండా బద్ధకించింది నేనని చెప్పాలి. చెంబు ఎత్తి నీళ్ళు తాగుతూ ఉండిపోయాను. ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉంది...