సున్నపు తేటలో వదిన ఊపిరి

వదిన గారికి నమస్కారం.

ఈ ఉదయం మా స్కూలు ల్యాబ్ కిటికీ అద్దానికి పట్టిన మంచులో ఎవరో వేలితో ఒక ముఖం గీశారు. నేను చూసేసరికి ఒక కన్ను కారిపోయింది.

మీకు నేను రాయడం ఇదే మొదటిసారి. అన్నయ్య పెళ్ళిలో మీరు "భోంచేశావా" అన్నారు, నేను తలూపాను. మనం మాట్లాడుకున్నది అంతే. ఇప్పుడు పని పడింది కాబట్టి రాస్తున్నాను. మోడల్ ప్రాక్టికల్స్‌లో ప్రయోగం బాగానే చేశాను. తర్వాత మేడమ్ ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలడిగితే నోరు పెగల్లేదు. సున్నా వేశారు. అసలు పరీక్షలోనూ ఇలాగే అయితే తప్పుతాను. మళ్ళీ ఇదే క్లాసు చదవాలి. "సైన్స్ రానివాళ్ళెవరికైనా విడమరిచి చెప్పు. వాళ్ళకి అర్థమైతే నీకు నోరొస్తుంది" అన్నారు మేడమ్. మీకు సైన్స్ రాదని అన్నయ్య ఒకసారి నన్ను చూడ్డానికి హాస్టల్‌కి వచ్చినప్పుడు అన్నాడు. ఏమీ అనుకోకండి.

ప్రయోగం: మనం వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ ఉందని నిరూపించడం. సున్నం నీళ్ళలో కలిపి కదపకుండా ఉంచాలి. పైన తేరిన నీళ్ళు గ్లాసులోకి వంచుకోవాలి. దాన్నే సున్నపు తేట అంటారు. అందులోకి గొట్టంతో ఊదితే పాలలా తెల్లబడుతుంది.

అర్థమైందో లేదో రాస్తే చాలు.

ఇట్లు,
మీ ఆడపడుచు

తా.క. గొట్టంతో ఊదాలి, పీల్చకూడదు. పీల్చిన అమ్మాయి మా క్లాసులో ఉంది. ఇప్పుడు బాగానే ఉంది, ఫస్టు కూడా తనే.

*

అర్ధమొగుడికి ఆశీస్సులు.

ఆడపడుచు అర్ధమొగుడని సామెత. అసలు మొగుడు రైలు గార్డుగా ఊళ్ళు తిరుగుతుంటే, అర్ధమైనా ఉత్తరం రాసింది, సంతోషం. ఈ గార్లూ మీర్లూ మాత్రం తీసెయ్. నేను హెడ్‌మిస్ట్రెస్‌ని కాదు.

చదివితే ఏం తెలుస్తుందని చేసేశాను. గోడలకి వేయగా మిగిలిన సున్నం ఉంది. గొట్టం జ్యూస్ కొట్టులో ఇచ్చారు. కింద ఉండే ఇంటావిడని పిలిచి ముందు మీరే ఊదండన్నాను. నాలుగుసార్లు ఊదేసరికి గ్లాసు తెల్లబడింది. ఆవిడ ముఖం కూడా.

"ఇదేంటమ్మా, నా ఊపిరి తగిలితే నీళ్ళిలా అయ్యాయి?"

"అందరికీ అంతేనండీ."

"ఏదీ, నువ్వు ఊదు చూద్దాం."

అని చెప్పి, అద్దంలో నాలుక చూసుకోవడానికి కిందికి వెళ్ళింది. ఇంకో గ్లాసులో తేట వంచుకుని, ఆవిడ వచ్చేదాకా కళ్ళు మూసుకుని ఆపకుండా ఊదాను. దవడలు లాగేశాయి. కళ్ళు తెరిచేసరికి ఆవిడ ఎదురుగా ఉంది, నా గ్లాసు తేటగా ఉంది.

ఇప్పుడావిడ ఎవరితో మాట్లాడినా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. "అద్దెకిచ్చింది నా ఊపిరికి పరీక్షలు పెట్టడానికా" అని పాలవాడితో అందట. ఏం చెప్పాలో తొందరగా రాయి.

ఇట్లు,
మీ వదిన

తా.క. నాకు సైన్స్ రాదన్నాడా మీ అన్నయ్య? ఆయనకి బొత్తాం కుట్టుకోవడం రాదు. ఆ సంగతి నేనెవరికైనా ఉత్తరం రాశానా? ఇప్పుడు రాస్తున్నాను.

*

వదినకి,

గారు తీసేశాను. రెండుసార్లు రాసి కొట్టేయాల్సి వచ్చింది.

ఇంటావిడకి ఏ జబ్బూ లేదు. ఈ ముక్క ఆవిడకి చదివి వినిపించు. ఊపిరి వదిలే ప్రతి మనిషిలోనూ ఆ వాయువు ఉంటుంది. తేట తెల్లబడిందంటే అన్నీ సవ్యంగా ఉన్నట్టే. తెల్లబడకపోతేనే ఆలోచించాలి.

నీ గ్లాసు ఎందుకలా అయిందో గైడులో లేదు. మేడమ్‌ని అడగాలి. అడగడానికి ధైర్యం రావాలి.

ఇట్లు,
నీ ఆడపడుచు

తా.క. రోజూ స్టాఫ్‌రూమ్ గుమ్మం దాకా వెళ్ళి వచ్చేస్తున్నాను. నన్ను చూసి చూసి, కొత్త టీచరనుకుని ప్యూన్ కుర్చీ వేశాడు.

*

ఓ సైంటిస్టుకి,

కొంప ముంచావు. నువ్వు రాసింది రాసినట్టు చదివి వినిపించాను. ఆవిడ నోటికి అడ్డం పెట్టిన చెయ్యి తీసేసి నా వైపు చూసింది.

"నాది సవ్యమేనన్నమాట. మరి నీదే తెల్లబడలేదుగా తల్లీ."

అప్పట్నుంచి నేను బట్టలు ఆరేస్తుంటే మెట్ల మీద నిలబడి, నా వీపు కదులుతోందా లేదా అని చూస్తోంది. పాలవాడు ఊదాడు. పక్క పోర్షన్ టైలరూ వాళ్ళావిడా ఊదారు. అందరివీ పాలే. అందరూ వెళ్ళాక తలుపు వేసుకుని, కళ్ళు మూసుకుని, ఈసారి ఇంకా మనసు పెట్టి ఊదాను. కళ్ళు తెరిస్తే మళ్ళీ తేటే.

నవ్వుకుంటే నవ్వుకో గానీ, ఒకటి అడుగుతాను. రోజంతా ఎవరితోనూ మాట్లాడకపోతే మనిషి ఊపిరి పల్చబడుతుందా? మీ అన్నయ్య డ్యూటీకి వెళ్ళాక, నా గొంతు నాకు వినపడేది కుక్కర్ని తిట్టినప్పుడే.

ఇట్లు,
మీ వదిన

తా.క. ఇంటావిడ మీ అన్నయ్యకి ఫోన్ చేసి, "మీ ఆవిడ ఊపిరి వదలడం లేదు, మిగతాదంతా బాగానే ఉంది, కంగారుపడకండి" అని చెప్పింది.

*

వదినా,

పల్చబడదు. చూసి రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివి తిన్నగా స్టాఫ్‌రూమ్‌లోకి వెళ్ళాను. "మా వదిన ఊపిరికి తేట తెల్లబడటం లేదు మేడమ్" అన్నాను. టీ తాగుతున్నవాళ్ళందరూ కప్పులు దించారు. ఎంతసేపు ఊదిందని మేడమ్ అడిగారు. దవడలు లాగేదాకా అన్నాను. ఆవిడ ల్యాబ్ తాళం నా చేతిలో పెట్టి, "నువ్వూ అలాగే ఊదు. కళ్ళు మాత్రం తెరుచుకో" అన్నారు.

ముందు తెల్లబడింది. ఇంకా ఊదుతూ ఉంటే మెల్లమెల్లగా తేటపడింది. వాయువు ఎక్కువైతే ఆ తెలుపు వేరే పదార్థమై నీళ్ళలో కరిగిపోతుందట. నీలో ఏదీ తక్కువై కాదు. అందరూ ఆపేసిన చోట నువ్వు ఆపలేదు, అంతే. ఇంటావిడకి ఇదీ చదివి వినిపించు. ఇంకొక మాట నీకు మాత్రమే. అంతకుముందు రెండు రోజులు నేను ఎవరితోనూ మాట్లాడలేదు. అయినా నా గ్లాసు మామూలుగానే తెల్లబడింది.

నిన్న ప్రాక్టికల్స్ అయ్యాయి. నాకు ఈ ప్రయోగం రాలేదు, బంగాళదుంపది వచ్చింది. ఎగ్జామినర్ గారు రెండు ప్రశ్నలడిగారు. నెమ్మదిగానే అయినా చెప్పాను. మూడోది అడగబోతుంటే, "సార్, సున్నపు తేట గురించి అడగండి" అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టి అడిగారు. ఇంటావిడ దగ్గర్నుంచి మొదలుపెట్టాను. ఫోన్ సంగతి వచ్చేసరికి ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నేను ఆపలేదు. చివరికి "చాలమ్మా, వెనక ఇంకా పిల్లలున్నారు" అన్నారు.

గట్టెక్కానని మేడమ్ చెప్పారు.

ఇట్లు,
నీ ఆడపడుచు

తా.క. ఈ శనివారం హాస్టల్ మూసేస్తారు. సెలవులకి ఎక్కడికి వెళ్తావని వార్డెన్ అడిగితే, నీ అడ్రసు రాసిచ్చాను.