గోడవైపు తిరిగిన మనిషి

ఏమండీ,

మీకు నా నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. ఉన్న ఇద్దరం క్షేమమే. ఓడ మీద మీరు వేళకు తింటున్నారని, ఆ ఇంజను గది వేడికి మరీ చిక్కిపోలేదని అనుకుంటాను.

అత్తయ్య మోకాలు ఎలా ఉందని అడిగారు. నొప్పీ తగ్గలేదు, పెత్తనమూ తగ్గలేదు. నిన్న కుళాయి బాగుచేయడానికి వచ్చినతనికి పని ఆవిడే నేర్పారు.

మిల్లుకు వెళ్తున్నావా అని కూడా అడిగారు. వెళ్తున్నాను. మన చిట్టితల్లి గువ్వ పోయాక ఇంట్లో కూర్చోలేకపోయాను. కుడిఎడమలు మార్చి వేసుకునే దాని చెప్పులు ఎటు నడిచినా కాళ్ళకు తగిలేవి. కానీ పనిలో చెయ్యి మాట వినలేదండీ. బట్టల మీద అద్దే పూలకు బొమ్మలు గీయడమే కదా నా ఉద్యోగం. ఇన్నేళ్ళూ కళ్ళు మూసుకుని గీసిన పూలు. ఇప్పుడు రేకులు గీస్తే కోరపళ్ళలా వచ్చేవి, కాడలు మెలితిరిగిపోయేవి. మా సూపర్‌వైజర్ గారు కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, "ఈ పూల బట్ట వేసుకుని పెళ్ళికి వెళ్తే, పెళ్ళికూతురి కంటే ముందు చుట్టాలు ఏడుస్తారమ్మా" అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఆయనా నవ్వి, అద్దకంలో పాడైన బట్ట తాను ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు. "మిల్లుకు మంచి పూలు వెయ్యి. మిగతావన్నీ దీని మీద వేసుకో. లోపల మాత్రం ఉంచుకోకు తల్లీ."

ఆదివారం మధ్యాహ్నం ఆ బట్టను హాలు గోడకు పరిచి మేకులు కొట్టాను. ఏం వేయాలో అనుకోలేదు. ఆసుపత్రి వరండా వచ్చింది, కానీ తిన్నగా రాలేదు. పక్కటెముకల్లా వంగి లోపలికి, లోపలికి పోయింది. గోడలు పసుపుపచ్చగా వేశాను. అక్కడి గోడలు తెల్లవని నాకూ తెలుసు. ఆ రోజు వాటిక్కూడా జ్వరం వచ్చినట్టే కనిపించాయి నాకు. గువ్వ మంచం అగ్గిపెట్టెంత. దాని పక్కన నేను, మొహంలో కళ్ళూ ముక్కూ లేవు, అంతా నోరే.

అత్తయ్య చూసి, "ఏంటే ఈ దయ్యాలు? వచ్చేపోయేవాళ్ళు జడుసుకోరూ?" అన్నారు. తీసేయమంటారనుకున్నాను. కుర్చీ లాక్కుని కూర్చుని చాలాసేపు చూశారు.

"నోరు చిన్నదైంది" అన్నారు.

"ఏంటత్తయ్యా?"

"ఆ రోజు నిన్ను ఏడవకు, మీ ఆయన బెంగపడతాడు అన్నానా. నాకు మాత్రం ఆ ఆసుపత్రి కప్పు లేచిపోయేలా అరవాలనిపించింది. ఇంకా పెద్దది వెయ్యి."

కుంచె ఆవిడ చేతికే ఇచ్చాను. మోకాలు పట్టుకుని లేచి, నా నోటి పక్కన ఇంకో నోరు వేశారు, నల్లగా, బట్ట అంచు దాకా. వేస్తూ వేస్తూనే ఏడ్చారు. ఆవిడ నడుం పట్టుకుని నేనూ ఏడ్చాను. వీధంతా వినే ఉంటుంది. విననివ్వండి.

ఇక, రాయాలా వద్దా అని ఇంతసేపూ దాటేస్తూ వచ్చిన మాట. మిమ్మల్ని కూడా వేశాను. డాక్టరు బయటికొచ్చి చెప్పగానే మీరు గోడవైపు తిరిగి నిలబడ్డారు. ఇటు తిరగలేదు, నా చెయ్యి పట్టుకోలేదు. సెలవు పూర్తికాకుండానే ఓడ ఎక్కేశారు. మీది రాతిగుండె అనుకున్నానండీ. ఆ ముల్లు లోపలే ఉంచుకుని మీకు ముభావంగా ఉత్తరాలు రాశాను. ఆ కోపంతోనే మీ వీపును స్తంభంలా నిటారుగా వేశాను. అది మీరు కాదు. పైన రంగు పూసి మళ్ళీ వేశాను. అప్పుడూ కాదు. విసుగొచ్చి చేతిని దాని దారికి వదిలేస్తే, భుజాలు చెవుల దాకా ఎగిసి, వీపంతా అదిరిపోతూ వచ్చింది. అవే మీ భుజాలు. ఆ రోజు అవి అలా కదిలిపోవడం నేను చూశాను. మనసు మర్చిపోయింది, చేతికి గుర్తుంది.

మీ మొహం మాత్రం నాకు తెలియదు. దాన్ని ఆ గోడ ఒక్కటే చూసింది. సెలవు దొరగ్గానే రండి. నన్ను ఓదార్చాలని ధైర్యం మూటగట్టుకుని రాకండి. ఈసారి నా వైపు తిరిగి కూర్చోండి, చాలు. ఎలా ఉంటే అలాగే వేస్తాను.

ఇట్లు,
మన గువ్వ వాళ్ళమ్మ