పబ్బు గోడ మీద నా దున్నపోతు

ఆదివారం రాత్రి, గౌలిపుర.

సింగపూర్ నుంచి సాయంత్రం ఇల్లు చేరాను. రెండు రోజులకే ప్రాణం విసిగింది. చిన్ననాటి దోస్తు యాదగిరి అక్కడ పబ్బు నడుపుతున్నాడు, చూసిపొమ్మని వెంటపడితే పోయాను.

పబ్బు గోడకు పెద్ద ఫోటో. దున్నపోతులను ఊరేగించే సదర్ పండుగనాడు దండలేసిన నా దున్నపోతు, పక్కన తాడు పట్టుకుని వాడు. ఫోటో కోసమని ఆనాడు వాడికి తాడు ఇచ్చింది నేను. దుడ్డెగా ఉన్నప్పటి నుంచి దాన్ని సాకింది నేను.

తాగడానికొచ్చిన తెలుగు కుర్రాళ్లకు వాడు చెప్తున్నాడు: "గిది నా దున్న. రోజూ నూనె రాసి మాలిష్ జేసేటోణ్ణి."

"మరి ఈ తాత ఎవరంకుల్?"

"మా కొట్టంల పెండ తీసేటోడు," అని నా భుజం చరిచాడు.

అందరూ నవ్వారు. పెండ తీయడం నాకు నామోషీ కాదు, ఇప్పటికీ తీస్తున్నాను. ఆ దున్న వాడిదెట్లయింది?

పొద్దున ఎయిర్‌పోర్టు ముందు కారాపి, "ఈసారి సదర్‌కు నేనొస్తరా మల్లిగా, నీ కొత్త దున్న తాడు నేనే పడత," అన్నాడు.

"వస్తే రా. దున్న దగ్గరికి మాత్రం రాకు. పరాయోళ్లను కుమ్ముతది," అన్నాను.

వాడు కారు దిగలేదు. సంచి నేనే దించుకున్నాను.