తగ్గుతుందిలే అన్న మాట

అమ్మకు నమస్కారం.

తగ్గుతుందని నీకెలా తెలుసు? అలగని రోజున కూడా తోటిపిల్లలు నన్ను బుంగమూతి అని ఏడిపించినప్పుడల్లా, ఉబ్బిన నా రెండు దవడలూ నిమిరి "పెద్దయితే తగ్గుతుందిలే" అనేదానివి. ఇన్నేళ్లుగా అడగాలనుకుంటూనే ఉన్నాను. క్షేమం అడక్కుండానే ఆరా తీస్తోందేమిటనుకోకు. ఇక్కడ అందరం కులాసా. నాన్న మోకాళ్లు, నీ బీపీ మాట వింటున్నాయని తలుస్తాను.

పాప పన్నునొప్పి పోయిందా అని అడిగావు. నొప్పి పోయింది. కానీ సంగతి పన్నుతో పోయేది కాదమ్మా. ఎక్స్‌రేలో దవడ ఎముక నిండా సబ్బునురగలా బుడగలు. చిన్నప్పుడు నా దవడలు ఉబ్బించిందే ఇది. నా నుంచే వచ్చింది.

దవడలకు ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ నిదానంగా వివరించింది. ఇప్పుడు ఆ బుడగల్ని గీకి తీసేస్తే ముఖం సన్నబడుతుంది గానీ మళ్లీ పెరగొచ్చు, లోపల మొలిచే పళ్లకూ దెబ్బ తగలొచ్చు. ఆగితే చాలామందికి వయసొచ్చాక దానంతటదే తగ్గుతుంది. "అందరికీ అని మాత్రం మాటివ్వలేను" అంది. మీ అల్లుడుగారు ఆ చివరి మాటే పట్టుకున్నారు. చేయించేద్దాం, బడిలో అది పడే మాటలు చాలు అంటారు.

పాప నాలా ఏడ్చే రకం కాదులే. బుగ్గల్లో ఏం దాచావే అని ఎవరో అడిగితే "నీ వాటా కూడా" అందట. అయినా మొన్న అద్దం ముందు బుగ్గలు లోపలికి పీల్చుకుని నిలబడి ఉంది. నన్ను చూసి ఊపిరి వదిలేసింది.

"నీకు తగ్గిపోయిందిగా అమ్మా, నాకూ తగ్గుతుందా?"

నీ మాటే నోటికొచ్చింది. తగ్గుతుందిలే అన్నాను. అన్నాక అర్థమైంది, అప్పట్లో నీకూ తెలియదని.

ఇంకొకటుంది. ఆయనకు కూడా చెప్పలేదు. ఆ ఎక్స్‌రే చూడగానే, భయం కంటే ముందు, నాకు తోడు దొరికినట్టనిపించింది. ఇన్నాళ్లూ నా చిన్నప్పటి ముఖం ఇంకెవరికీ లేదు మరి. కన్నతల్లికి రావలసిన ఆలోచనేనా ఇది?

సోమవారం డాక్టరమ్మకు ఏదో ఒకటి చెప్పాలి. ఆగుదామని ఆయనతో వాదిస్తూనే ఉన్నాను. ఆ వాదన పాప మేలు కోరో, ఆ ముఖాన్ని ఇంకొన్నాళ్లు చూసుకోవాలనో, నాకే తేలడం లేదమ్మా.

ఇట్లు,
నీ బుంగమూతి